తాబేళ్ళ మేత, మొక్కల సారము: నాలుగవ తొట్టి ఏది?

చేపపిండి తగ్గించిన మేతలో కొద్దిపాటి మొక్కల సారము కలిపినచో పెంపుడు తాబేళ్ళు మునుపటివలెనే ఏపుగా పెరుగునని చెప్పు ప్రయోగ నివేదికలు ఇటీవలి సంవత్సరములలో చైనానుండి వెలువడుచున్నవి. ఒక నివేదికనుండి మరొక దానికి మొక్క మారును, మోతాదు మారును, కొలతల పట్టికలు మారును. ముగింపు మాత్రము అంతగా మారదు. పెరుగుదల బాగుపడినది, ప్రేవులు బాగుపడినవి, రోగములను తట్టుకొను శక్తి పెరిగినది. ఒకదానితో ఒకటి చుట్టరికము లేని ఇన్ని మొక్కలు ఒకే మేలు చేయుచున్నవన్నచో, అది మొక్కల గొప్పతనమా, లేక ప్రయోగములను అమర్చిన తీరులో ఏదైన లోపమున్నదా అని అడుగుట న్యాయమే. ఇచ్చట పరిశీలింపబోవునది ఆ అమరికను.

ముందుగా ఈ జంతువును గూర్చి కొంత తెలిసికొనవలెను. చైనాలో విరివిగా పెంచు తాబేలు మెత్తచిప్ప తాబేలు. దీని శాస్త్రీయ నామము పెలోడిస్కస్ సైనెన్సిస్. మన చెరువులలోను పంట కాలువలలోను కనబడు మెత్తచిప్ప తాబేలు కుటుంబమునకే ఇదియు చెందినది. వీపుమీద గట్టి పలకలకు బదులు దళసరి చర్మము కప్పియుండును. ఆ చర్మపు అంచు చిప్పకు వెలుపల మెత్తగా వ్రేలాడుచుండును. చైనా వంటశాలలలో అన్నిటికంటె విలువైన భాగము ఆ అంచే. ఏటా 3 లక్షల టన్నులకు పైగా ఈ తాబేళ్ళు చైనాలోని పెంపక క్షేత్రములనుండి అంగడికి వచ్చుచున్నవి. చెచియాంగ్ రాష్ట్రము ఇందులో పేరుపొందినది. అచ్చట నీటిని సుమారు 30 డిగ్రీల సెంటిగ్రేడు వెచ్చదనమున ఉంచిన కప్పుగదులలో పిల్లలను పెంచుదురు. చల్లని నెలలలో తాబేలు తినుట మాని నిద్రించును. వెచ్చని గదిలో ఆ నిద్ర లేదు గనుక త్వరగా పెరుగును.

ప్రకృతిలో ఈ తాబేలు చేపలను, నత్తలను, పురుగులను తినును. కావున పెంపకములో ఇచ్చు మేతలోగూడ మాంసకృత్తులు నూటికి 45 పాళ్ళ ప్రాంతమున ఉండును. కోడిమేతలో ఉండుదానికి ఇది రెట్టింపు కంటె ఎక్కువ. అంత మాంసకృత్తును సమకూర్చుటకై మేతలో సగమో అంతకు మించియో చేపపిండినే వాడుట పరిపాటియైనది. దానికి ఉడికించి ఆరబెట్టిన పిండిపదార్థమును చేర్చి, నీటితో ముద్ద చేసి, గట్టుమీద ఉంచుదురు.

మన దేశములో తాబేళ్ళను పట్టుటకు గాని పెంచి అమ్ముటకు గాని వీలు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మెత్తచిప్ప తాబేళ్ళను కాపాడుచున్నది. అయినను కోస్తా ఆంధ్రలోని రొయ్యల చెరువులలో పడు మేతలోగూడ చేపపిండి కలదు. ఆ చెరువుల గట్లమీదికిని మూలికల సారములు అమ్మకమునకు వచ్చుచున్నవి. తాబేలునకు వేయు ప్రశ్న రొయ్యకును వేయవచ్చును.

చేపపిండిని తగ్గింపవలెనను కోరిక వట్టి పొదుపు బుద్ధి కాదు. ప్రపంచపు చేపపిండిలో గణనీయమైన పాలు పెరూ తీరమున దొరకు ఆంకోవెటా అను చిన్న చేపనుండి తయారగును. దానిని మిక్కిలి అధికముగా కొనునది చైనాయే. పెరూలో 1970లో 1 కోటి 20 లక్షల టన్నులకు పైబడిన ఆ చేపల పట్టుబడి, అతి వేట వలనను, ఎల్ నినో అను వెచ్చని నీటి రాక వలనను, 1973 నాటికి 20 లక్షల టన్నులకు లోబడిపోయెను. మరల 2023 జూన్ నెలలో, సముద్రములో పిల్ల చేపలే మెండుగా కనబడినందున, పెరూ ప్రభుత్వము ఉత్తర-మధ్య తీరపు మొదటి వేట కాలమునే రద్దు చేసెను. అచ్చటి సముద్రము వేడెక్కినపుడెల్ల ఇచ్చట మేత సంచి ధర పెరుగును. కావున సమస్య నిజమైనదే.

కాని సగము చేపపిండి అనునది తాబేలు ప్రకృతి విధించిన నియమము కాదు. టోక్యో నగరము చెంత హట్టోరి కుటుంబము 19వ శతాబ్దమున నెలకొల్పిన తాబేళ్ళ క్షేత్రమును జపాను జంతుశాస్త్రజ్ఞుడు కాకిచి మిత్సుకురి వర్ణించెను. ఆ వర్ణన 1905లో అమెరికా మత్స్యశాఖ సంపుటములో అచ్చైనది. అచ్చటి తాబేళ్ళకు చితుకగొట్టిన ఆల్చిప్పల మాంసము, ఎండు చేపల తుక్కు, పట్టుపురుగుల ప్యూపాలు, ఉడికించిన గోధుమలు పెట్టుచుండిరి. ఇప్పటి ప్రయోగములలో చేపపిండి ఎంత తగ్గినదను లెక్క పెద్ద అక్షరములలో ఉండును. దాని స్థానమున ఏమి చేరినదను మాట పట్టికలో ఒక మూల ఉండును. ప్యూపాలు చేరుట వేరు, సోయా చేరుట వేరు.

సాధారణముగా చేరునది సోయా చిక్కుడు పిండియో, పత్తిగింజల చెక్కయో. వీటిలో మాంసకృత్తులు బాగుగనే ఉన్నను, మిథియోనిన్ అను ఎమైనో ఆమ్లము తక్కువ. టారిన్ అను పదార్థము ఇంచుమించు ఉండనే ఉండదు. భాస్వరము ఫైటేటు రూపమున చిక్కుకొని జీర్ణము కాదు. పైగా అదే ఫైటేటు జింకును కూడ పట్టి ఉంచును. సోయాలో ట్రిప్సిన్‌ను అడ్డగించు పదార్థములును, సాపోనిన్లును కలవు. సాపోనిన్లనగా మన కుంకుడుకాయలో నురుగు నిచ్చునవే. పచ్చి సోయాపిండి ఎక్కువైనచో సాల్మన్ చేపల ప్రేవుల చివరి భాగము వాచునని నిర్ధారణయైనది. ఆ వాపునకు సోయా సాపోనిన్లు కారణములలో ఒకటి.

ఇచ్చట ఒక చమత్కారము గమనింపదగియున్నది. యుక్కా, క్విల్లాయా అను మొక్కలనుండి తీసి జంతువుల మేతలో కలుపు సారములలో ముఖ్యమైన సరకు సాపోనినే. ఒక పేజీలో సాపోనిన్ ప్రేవులను చెరచు దోషి. ఇంకొక పేజీలో ప్రేవులను బాగుచేయు వైద్యుడు. మోతాదును బట్టియు, మొక్కను బట్టియు రెండును నిజము కావచ్చును. కాని "మొక్కనుండి వచ్చినది గనుక మేలు" అను మాటతో ఈ చిక్కు విడిపోదు.

సారములు కలుపు ఆలోచన మాత్రము నిరాధారము కాదు. అతిమధురములోని గ్లిసిరైజిన్‌కు వాపును తగ్గించు గుణము కలదు. తేయాకులోని పాలిఫినాల్‌లకు ఆక్సీకరణమును అడ్డు శక్తి కలదు. పచ్చి మాంసకృత్తుల వలన ప్రేవులలో వాపు కలుగుచున్నచో, వాపును తగ్గించు పదార్థము ఉపకరింపవచ్చును. దీనికి తోడు వ్యాపార కారణ మొకటి ఉన్నది. పెరుగుదల కొరకు మేతలలో మందులు కలుపుటను చైనా ప్రభుత్వము 2020లో నిలిపివేసినది. సంప్రదాయ మూలికలకు మాత్రము మినహాయింపు నిచ్చినది. ఖాళీ అయిన అంగడి అరలో ఏదో ఒకటి నిలువవలెను గదా!

ఇక అమరిక సంగతి. ఇట్టి ప్రయోగములలో సామాన్యముగా మూడు జట్లు ఉండును. మొదటి జట్టునకు నిండుగా చేపపిండి గల మేత. రెండవదానికి చేపపిండి తగ్గించిన మేత. మూడవదానికి తగ్గించిన మేతయే, సారముతో కూడ. సారము మోతాదులు రెండు మూడైనచో జట్లు నాలుగైదు అగును, కాని అమరిక మారదు. ఎనిమిది లేక పది వారముల తరువాత తూచి చూతురు. లెక్క తేలికగుటకై ఊహా సంఖ్యలు తీసికొందము. మొదటి జట్టు తాబేలు సగటున 60 గ్రాములు పెరిగినది. రెండవది 50 గ్రాములు. మూడవది 56 గ్రాములు. చేపపిండి తగ్గించుట వలన 10 గ్రాముల నష్టము కలిగినది. సారము అందులో 6 గ్రాములు తిరిగి తెచ్చినది. కావున సారము చేపపిండి లోటును పూరించినదని వ్రాయుదురు.

ఈ ముగింపు ఆ మూడు సంఖ్యలనుండి రాదు. సారమును నిండు చేపపిండి మేతలో కూడ కలిపి నాలుగవ జట్టును పెంచవలసి యుండెను. ఆ జట్టు 60 గ్రాములే పెరిగినదనుకొనుడు. అప్పుడు సారము లోటు ఉన్నచోట మాత్రమే పనిచేసినదని తెలియును; పూరించుట అను మాట తగును. అట్లుకాక 66 గ్రాములు పెరిగినచో? సారము ఏ మేతలోనైనను 6 గ్రాములు కలుపుచున్నదని అర్థము. చేపపిండికిని దానికిని సంబంధము లేదు. రెండు మేతల నడుమ నున్న 10 గ్రాముల ఎడము అట్లే మిగిలియున్నది. ఆ సారమును కొనగలిగిన రైతు దానిని చేపపిండి మేతలోనే కలిపి ఎక్కువ లాభము పొందును. సముద్రమునకు దానివలన ఒక్క చేపయైనను మిగులదు.

రెండు కారణములు, ఒక్కొక్కటి రెండు స్థితులలో. మొత్తము నాలుగు గళ్ళు. రోథమ్‌స్టెడ్ పొలములలో పనిచేసిన సాంఖ్యక శాస్త్రజ్ఞుడు రొనాల్డ్ ఫిషర్ 1920ల నుండియు ఈ నాలుగు గళ్ళ పద్ధతినే బోధించెను. 1935లో వెలువడిన ప్రయోగ రచనా గ్రంథములో దానిని విపులముగా వివరించెను. ఒక గడి ఖాళీగా విడిచినచో మిగిలిన మూడు గళ్ళు ఎంత శ్రద్ధతో నింపినను దాని పని అవి చేయవు. తరగతిలో నల్లబల్లమీద ఈ నాలుగు గళ్ళు గీచి, నాలుగవదానిలో 60, 63, 66 అని మార్చి వ్రాసి, ప్రతిసారియు ముగింపు ఏమి మారునో విద్యార్థులచే చెప్పించవచ్చును. నాలుగవ తొట్టికి అగు ఖర్చు మిగిలిన వాటితో పోల్చినచో స్వల్పము. అది లేకపోవుటకు ఖర్చు కారణము కాదు, అలవాటు కారణము.

మరొక గడి కూడ ఉండదగినది. చేపపిండి తగ్గుట వలన మిథియోనిన్, టారిన్, భాస్వరము తగ్గినవి గదా. వాటినే కొలిచి తిరిగి కలిపిన మేతను ఒక జట్టునకు ఇచ్చినచో ఏమగును? సారము కంటె అది చవుకగా అదే ఫలితము నిచ్చినచో సారపు కథ అచ్చటనే ఆగును. ఇది ఊహామాత్రము కాదు. నార్వేలో పెంచు సాల్మన్ చేప కూడ మాంసాహారియే. దాని మేతలో సముద్రమునుండి వచ్చు మాంసకృత్తు పదార్థములు 1990లో నూటికి సుమారు 65 పాళ్ళుండగా 2020 నాటికి సుమారు 12 పాళ్ళకు దిగినవి. ఆ మార్పును సాధించినవి ప్రధానముగా సోయా మాంసకృత్తును శుద్ధిచేసి దోషములను తీసివేయుటయు, తక్కువైన ఎమైనో ఆమ్లములను విడిగా కలుపుటయును. మూలికల కీర్తి ఆ చరిత్రలో చాల చిన్నది. తాబేలు ప్రయోగములలో 60 పాళ్ళను 40కి దించి "తక్కువ చేపపిండి" అనినప్పుడు ఈ పోలికను మనస్సున ఉంచుకొనవలెను.

తిండి సంగతియు ఇట్టిదే. సోయా మేత తాబేలునకు అంత రుచింపదు. సారము వాసనచేత అది ఎక్కువ తినినచో ఎక్కువ పెరుగును. ప్రేవులు బాగుపడుటతో పని లేదు. రెండు జట్లకును సరిసమానముగా తూచి పెట్టినప్పుడే ఈ రెండు కారణములు విడివడును. నీటిలో పడిన ముద్దలో ఎంత కరగిపోయినదో, ఎంత కడుపులోనికి పోయినదో చెప్పని నివేదికలో "మేత వినియోగము" అను అంకెకు విలువ తక్కువ.

లెక్కింపులో ఇంకొక పొరపాటు కలదు. ఒక్కొక్క మేతను మూడు తొట్లలో, తొట్టికి 30 తాబేళ్ళ చొప్పున పెట్టిరనుకొనుడు. జట్టునకు 90 తాబేళ్ళు. రక్తము తీసినప్పుడును తూచినప్పుడును ఈ తొంబదిని తొంబది స్వతంత్ర సాక్ష్యములుగా లెక్కించు ఆశ కలుగును. కాని మేత ఇచ్చినది తొట్టికి, తాబేలునకు కాదు. ఒక తొట్టిలోని నీరు చెడినచో ముప్పదియు కలిసి చిక్కును. అందులోను ఈ తాబేళ్ళు కలహప్రియములు. బలమైనది ముందు తినును, బలహీనమైనదానిని కరచును. ఒకటి లావగుటయు ఇంకొకటి బక్కచిక్కుటయు ఒకే సంఘటన యొక్క రెండు వైపులు. కావున సాక్ష్యములు మూడే, తొంబది కావు. అమెరికా జీవావరణ శాస్త్రజ్ఞుడు స్టువర్ట్ హర్ల్‌బర్ట్ 1984లో ఈ దోషమునకు ఒక పేరు పెట్టి, జీవావరణ శాస్త్రపు క్షేత్ర ప్రయోగములలో అది ఎట్లు ప్రాకినదో చూపెను. తెలుగులో దానిని మిథ్యా పునరావృత్తి అనవచ్చును.

తాబేలు జాతికి ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉన్నది. అనేక తాబేళ్ళలో పిల్ల ఆడదో మగదో గ్రుడ్డు పొదిగిన వెచ్చదనమును బట్టి ఏర్పడును. ఈ మెత్తచిప్ప తాబేలులో అట్లుకాక, కోళ్ళలో వలె, క్రోమోసోములే నిర్ణయించును. పెరుగుదలలో మగవి ఆడవానిని మించును. అంచు చర్మమును వాటికే వెడల్పు. చిన్న పిల్లలలో ఆడ మగ తేడా బయటికి కనబడదు. ఒక తొట్టిలో మగవి 18, ఇంకొక తొట్టిలో 12 పడినచో, మేత చేయని తేడాను లింగమే చేయగలదు. మూడేసి తొట్ల ప్రయోగములో ఇది చిన్న విషయము కాదు. డి.ఎన్.ఏ. గుర్తుల సాయమున ఇప్పుడు పిల్లల లింగము తెలిసికొనవచ్చును. ఆ పరీక్ష చేసి పంచిన నివేదికకు విలువ పెరుగును.

ఇక సారము అనగా ఏమి? పసుపు అందరికిని తెలిసినదే. పసుపు కొమ్ములో కర్‌క్యుమిన్ వర్ణకములు నూటికి 2 మొదలు 5 పాళ్ళవరకు ఉండును. అంగడిలో 95 పాళ్ళు గల పొడియు దొరకును. రెండింటిని "పసుపు సారము" అనియే పిలిచినచో, కిలో మేతకు 1 గ్రాము అను మోతాదునకు అర్థమేమి? నీటితో తీసిన సారములో వచ్చు పదార్థములు వేరు, సారాయముతో తీసినపుడు వచ్చునవి వేరు. ఆకు కోసిన నెల మారిన, నేల మారిన, పాళ్ళు మారును. ఏ పదార్థము ఎంత ఉన్నదో కొలిచి చెప్పని సారముతో చేసిన ప్రయోగమును మరియొకరు తిరిగి చేయలేరు. రసాయన శాస్త్రములో ఏ ఉపాధ్యాయుడును "ఒక సీసాలోని తెల్లని పొడి" అని వ్రాసిన విద్యార్థికి మార్కులు వేయడు.

రక్తపరీక్షలను గూర్చి ఎక్కువ చెప్పనక్కర లేదు. నివేదికలలో ఇరువదికి తక్కువ గాకుండ కొలతలు ఉండుట కద్దు. కాలేయపు ఎంజైములు, లైసోజైము, ఆక్సీకరణ నిరోధకములు, ప్రేవులలోని సూక్ష్మజీవుల రకములు ఇత్యాదులు. సారమునకు ఏ ప్రభావము లేకున్నను, ఒక్కొక్క కొలతలో యాదృచ్ఛికముగా తేడా కనబడు సంభావ్యత 0.05 అనుకొనుడు. ఈ కొలతలు ఒకదానితో ఒకటి సంబంధము లేనివైనచో ఇరువదింటిలో ఒక్కటియు మోసగింపకుండు సంభావ్యత 0.95ను ఇరువదిసార్లు గుణించిన వచ్చునది, అనగా 0.36. కనుక కనీసము ఒక్క "మంచి ఫలితము" దొరకు అవకాశము నూటికి 64. పైగా ఆక్సీకరణ నిరోధక ఎంజైము పెరిగినచో ఆరోగ్యమని కొందరు వ్రాయుదురు. శరీరము ఒత్తిడికి గురియైనపుడు కూడ అదే ఎంజైము పెరుగును. రోగమును తట్టుకొను శక్తిని కొలువదలచినచో, ఈ తాబేళ్ళకు తరచుగా సోకు ఏరోమోనాస్ హైడ్రోఫిలా అను బాక్టీరియమునకు గురిచేసి ఎన్ని బ్రదికినవో లెక్కించుట సూటియైన మార్గము. కొన్ని ప్రయోగములలో ఆ పని జరుగుచున్నది. అవి మిగిలిన వాటికంటె నమ్మదగినవి.

చివరకు కాలము సంగతి. ఎనిమిది పది వారములలో కొన్ని గ్రాముల పిల్ల కొన్ని పదుల గ్రాములగును. అంగడికి పోవు తాబేలు అరకిలో ఉండవలెను. వెచ్చని గదిలో దానికి సుమారు ఏడాది పట్టును, బయటి చెరువులో మూడు నాలుగేండ్లు పట్టును. మనుష్యులు అతిమధురమును చాలకాలము అధికముగా తినినచో రక్తపుపోటు పెరుగుటయు, రక్తములో పొటాసియము తగ్గుటయు వైద్యులెరిగినదే. తాబేలు ఏడాది పొడుగున తినినచో ఏమగునో ఎనిమిది వారముల తొట్టి చెప్పజాలదు. నాలుగు గళ్ళును నింపి, అమ్మకపు బరువు వచ్చువరకు పెంచి, కాలేయమును తూచి, అంచు చర్మపు వెడల్పు కొలిచి, కిలో తాబేలునకు సారము ఖర్చెంత, మిగిలిన చేపపిండి విలువ యెంత అను రెండంకెలను ప్రక్కప్రక్కన వేసిన పట్టిక చెచియాంగ్ రైతునకు కావలసియున్నది.